రెండు ముక్కల ఊపిరి

రిఫ్కీ హోజాకి డాక్టరు ఒక్క మాటలో చెప్పేశాడు. ఇక ఊదొద్దు.

ఆయనకేం, ఎన్నయినా చెబుతాడు. అరవై ఏళ్లుగా పొద్దున లేవగానే నెయ్ ఊదిన మనిషి ఆ మాట విని ఏమైపోవాలి? హోజా మాత్రం ఏమీ కాలేదు. సరేనని తల ఊపి, కోటు తొడుక్కుని, ఇంటికొచ్చి టీ తాగాడు. ఆస్పత్రి వరండాలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది ఆయన శిష్యుడు తైలాన్.

నెయ్ అనగానే అన్నంలో వేసుకునే నెయ్యి గుర్తొస్తే తప్పు మీది కాదు. టర్కీ దేశంలో నెయ్ అంటే రెల్లు గడతో చేసిన పొడవాటి వేణువు. ముందు ఆరు రంధ్రాలు, వెనక ఒకటి, పైన గేదె కొమ్ముతో చెక్కిన మూతి. చూడ్డానికి ఏముంది, ఎండు గడ. పెదవికి ఆనించి ఊదినప్పుడు తెలుస్తుంది దాని పొగరు. పందొమ్మిదేళ్లప్పుడు తైలాన్ మొదటిసారి దాన్ని పట్టుకుంటే ఐదు నెలలు ఉఫ్ ఉఫ్‌మని గాలే గానీ నాదం లేదు. ఆరో నెలలో ఒకరోజు సన్నగా ఒక స్వరం పలికింది. అది తనదేనని నమ్మలేక వెనక్కి తిరిగి చూశాడు. గది నిండా హోజా నవ్వు.

హోజా అంటే అక్కడ గురువుగారు. ఇస్తాంబుల్లో, ఉస్కుదార్ రేవుకి ఎగువన ఒక సందులో మూడో అంతస్తు ఇల్లు ఆయనది. కిటికీలోంచి చూస్తే జలసంధి, పడవలు, వాటి చుట్టూ గోల చేసే సముద్రపు పిట్టలు. భార్య పోయాక కూతురు నెవిన్ ఆయనతోనే ఉంటోంది. బడిలో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా అదే గొంతు.

ఆ ఇంట్లో పాఠానికి ఒక పద్ధతి ఉండేది. గురువు, శిష్యుడు ఎదురెదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చోవాలి. ముందు గురువు ఊదుతాడు. ఆ ఊదినంతసేపూ శిష్యుడు వింటే చాలదు, ఆయన ఊపిరి తీసినప్పుడు తనూ తీయాలి, ఆయన వదిలినంతసేపు తనూ వదలాలి. నెయ్ పట్టుకోకుండానే, ఊరికే. మొదటి ఏడాదంతా ప్రతి పాఠంలోనూ ముందు ఇదే పని. "ఇదేం పాఠం హోజా, ఆసనాలా?" అని తైలాన్ ఒకసారి విసుక్కున్నాడు కూడా. "వేళ్లదేముంది, వానాకాలం లోపు వచ్చేస్తాయి. ముందు ఇది రానీ" అన్నాడు హోజా.

అలా తొమ్మిదేళ్లు కూర్చున్నాడు. ఆ తర్వాత పని దొరికింది. టీవీ సీరియళ్లకి వెనక సంగీతం కూర్చే స్టూడియోలో. అత్తాకోడళ్లు కళ్లతో యుద్ధం చేసుకుంటుంటే వెనక మోగేది తైలాన్ కీబోర్డే. పాఠానికి రావడం వారానికోసారి అయింది, నెలకోసారి అయింది, ఆఖరికి పండక్కి వచ్చి, అక్కడి ఆచారం ప్రకారం గురువు చేతులు ముద్దుపెట్టుకుని పోవడం దగ్గర ఆగింది. తన నెయ్ స్టూడియో బీరువాలో పడుంది. నూనె పట్టించక రెండేళ్లు. హోజా ఎప్పుడూ నిలదీయలేదు. "వేళ్లెలా ఉన్నాయిరా?" అనేవాడంతే. ఆ మాటకే తైలాన్‌కి తల ఎత్తాలనిపించేది కాదు.

అందుకే ఆస్పత్రి వరండాలో అంత ఏడుపు. హోజా ఊదడం ఆపేస్తే ఆ నాదం ఇంకెక్కడుంది? తనకి రాలేదు. మిగతా శిష్యులు తలో దిక్కు పోయారు. పెళ్లిళ్లలో తీసిన నాలుగు గీరుకుపోయిన క్యాసెట్లు తప్ప ఏమీ లేదు.

ఏడుస్తూనే ఉపాయం ఆలోచించాడు. పనివాడు కదా మరి.

ఒక వాద్యం పలికే ప్రతి స్వరాన్నీ విడివిడిగా రికార్డు చేసి కంప్యూటర్లో పెడతారు. మెల్లగా ఊదింది, నిండుగా ఊదింది, గట్టిగా ఊదింది, అన్నీ. కీబోర్డు మీద ఒక్కో మెట్టుకి ఒక్కో స్వరాన్ని కడతారు. ఇక ఎవరు మెట్టు నొక్కినా ఆ వాద్యం పలుకుతుంది. శాంప్లింగ్ అంటారు దాన్ని. తైలాన్ రోజూ వాడేవి అవే. వాటిలో నెయ్ కూడా ఉంది, కుక్కరు విజిల్‌లా ఉంటుంది. దాని బదులు హోజా నాదం ఉంటే?

"నూరేళ్ల తర్వాత కూడా మీ నెయ్ పలుకుతుంది హోజా" అన్నాడు ఉత్సాహంగా. "లోకానికి కావాలిది."

"లోకం సంగతి అలా ఉంచు. నీకు కావాలా?"

"కావాలి."

"అయితే సరే."

నెవిన్ ముందు ఒప్పుకోలేదు. డాక్టరు దగ్గరికి తనే వెళ్లి బేరమాడి వచ్చింది. "ఆరు రోజులు. రోజుకి అరగంట. ఏడో రోజున నెయ్ బీరువాలోకి, తాళం చెవి నా దగ్గర. నాన్నా, మాటివ్వు." హోజా బుద్ధిగా మాటిచ్చాడు.

ఆ ఆరు రోజులూ ఆ ఇల్లు చూడాలి! కిటికీలకి దుప్పట్లు కట్టారు. ఫ్రిజ్ తీగ పీకేశారు, నెవిన్ పెట్టుకున్న పెరుగు పులిసిపోయింది. హోజా పెదవికి జానెడు దూరంలో మైకు. స్వరం మొదలవగానే రేవులో పడవ కూత వేసేది. పడవ పోతే పిట్టలు. పిట్టలు పోతే కింద రొట్టెలమ్మేవాడి కేక. హోజాకి ఇదంతా మహా సరదాగా ఉంది.

"ఇప్పుడు సెగాహ్ ఇవ్వండి హోజా." సెగాహ్ వాళ్ల స్వరాల్లో ఒకటి, ఆయనకి ప్రాణం.

హోజా నెయ్ ఎత్తి, దించేశాడు. "ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"ఎక్కణ్ణుంచీ రాదు."

"ఎక్కడికి పోతుంది మరి?"

"ఎక్కడికీ పోదు హోజా. ఆ ఒక్క స్వరమే కావాలి."

"ఒంటరిగానా! పాపం" అని, పలికించాడు.

తైలాన్ చెవుల్లో పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో ఆ స్వరం నిండిపోయింది. వెచ్చగా, కాస్త బొంగురుగా. కళ్లు మూసుకున్నాడు. ఇక నాకేం భయం లేదు, దొరికింది, అనుకున్నాడు.

స్వరానికి ముందు ఇంకొకటి కూడా వినిపించేది. హోజా ఊపిరి. మైకు అంత దగ్గరుంటే వినపడక ఏమవుతుంది? ఆ ఊపిరి సాఫీగా ఉండేది కాదు. ముందు కొంచెం తీసుకునేవాడు, ఠక్కున ఆగేవాడు, తర్వాత మిగతాది లోపలికి లాగేవాడు. రెండు ముక్కలు. తొమ్మిదేళ్లు ఎదురుగా కూర్చున్నా తైలాన్ దాన్ని ఇంత విడిగా ఎప్పుడూ వినలేదు. మధ్యలో ఆగిన ఆ చిన్న ఖాళీ విన్నప్పుడల్లా తైలాన్‌కి ఆస్పత్రిలో చూసిన ఊపిరితిత్తుల ఎక్స్‌రే గుర్తొచ్చేది. ఎంత కష్టపడుతున్నాడో పెద్దాయన, అని గుండె తరుక్కుపోయేది.

ఆరో రోజు సాయంత్రం హోజా నెయ్‌ని తుడిచి, గుడ్డ సంచిలో పెట్టి, కూతురికిచ్చాడు. నెవిన్ తాళం వేసింది.

ఆ తర్వాత నెల రోజులు తైలాన్ తిండీ నిద్రా ఎరగడు. ఒక్కో స్వరాన్నీ తెర మీద పరిచి శుభ్రం చేశాడు. పడవ కూత తీశాడు, పిట్టల్ని తీశాడు. ఊపిరులు కూడా తీసేశాడు, ఒక్కటి మిగలకుండా. నాలుగు వందల పన్నెండు. తెర మీద ప్రతిదీ ఒకేలా కనిపించేది, ఒక చిన్న గుట్ట, ఒక ఖాళీ, ఒక పెద్ద గుట్ట. చివరికి కళ్లతో చూడకుండానే పోల్చుకునేంతగా అలవాటైపోయాయి. మా గురువు ఆయాసం ఎవడి చెవినా పడకూడదు, అనుకుంటూ కోసేశాడు. స్టూడియోలో అతనికి ఇంకో అలవాటుంది, కోసినదాన్ని దాచుకోడు. పనికిరానిది పెట్టుకుంటే పని తెమలదంటాడు. అన్నీ చెరిపి, కంప్యూటరు చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

అంతా అయ్యాక విని చూసుకుంటే అబ్బ! మచ్చ లేదు. మెట్టు నొక్కినంతసేపూ హోజా స్వరం అలా సాగుతూనే ఉంటుంది. కావాలంటే టీ పెట్టుకుని రావచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం కీబోర్డు చంకన పెట్టుకుని ఉస్కుదార్ మెట్లు ఎక్కాడు. లోపల ఎక్కడో గర్వంగానే ఉంది. ఉండదా? డాక్టరు వల్ల కానిది తను చేశాడు.

హోజా కిటికీ పక్కన కూర్చునున్నాడు. నెలలో చిక్కిపోయాడు. ఊదేవాడికి ఊదొద్దంటే అంతే. నెవిన్ టీ తెచ్చి తనూ ఓ పక్కన కూర్చుంది.

"కళ్లు మూసుకోండి హోజా."

"ఎప్పుడో మూశాను, కానివ్వు."

తైలాన్ మొదటి మెట్టు నొక్కాడు.

గదిలో హోజా నెయ్ పలికింది. ఆయన నోరు మూసుకుని కూర్చునుండగానే ఆయన నాదం గోడల్ని తాకింది. నెవిన్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్లమ్మట నీళ్లు. తైలాన్ అది చూశాడు, ఒళ్లు పులకరించింది. ఇక ఆగలేదు. తల వంచుకుని, వేళ్ల వంకే చూసుకుంటూ వాయించాడు. సెగాహ్ మీద నిలబడ్డాడు, ఎంతసేపంటే, ఏ మనిషీ నిలబడలేనంతసేపు. అక్కణ్ణుంచి పైకి పోయాడు, పైనే తిరిగాడు, మెలికలు తిప్పాడు, అక్కడే తచ్చాడాడు, కిందికి దిగి మళ్లీ సెగాహ్ పట్టాడు. ఎక్కడా తెగలేదు. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ ఇంత బాగా వాయించలేదనుకున్నాడు.

"నాన్నా!"

నెవిన్ కేకకి తల ఎత్తాడు.

హోజా ముఖం కందగడ్డలా అయిపోయింది. కళ్లు మూసుకునే ఉన్నాడు, పెదవులు బిగించుకునే ఉన్నాడు, మెడ మీద నరాలు ఉబ్బాయి. రెండు చేతులూ మోకాళ్లని గట్టిగా పట్టుకునున్నాయి.

తైలాన్ చేతులు మెట్ల మీంచి ఎగిరిపోయాయి. నాదం తెగింది. ఆ క్షణాన హోజా నోరు తెరిచి ఊపిరి లాగాడు. లాగి, దగ్గాడు. దగ్గి దగ్గి ముందుకు వాలిపోయాడు. నెవిన్ వీపు రాసింది, నీళ్లు తాగించింది, తిట్టింది.

"ఏమైంది నాన్నా? ఊపిరి బిగబట్టావెందుకు? చిన్నపిల్లాడివా? నువ్వూ అంతే తైలాన్, ఎదురుగా మనిషి నల్లబడిపోతుంటే ఆ చెక్క వంక చూస్తూ కూర్చుంటావా?"

"అతన్నేం అనకమ్మా" అన్నాడు హోజా, కాస్త తేరుకుని. మీసం మీది నీళ్లు తుడుచుకుని తైలాన్ వంక చూశాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. "బాగుందిరా. నా నెయ్యే. అది ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చూసి నేనూ తీసుకుందామని ఆగాను."



అరవై ఏళ్ల అలవాటు వల్ల ఆగాడో, కావాలనే ఆగాడో తైలాన్‌కి ఆ రోజు తెలియలేదు. తర్వాతెప్పుడూ అడగనూ లేదు.

"పెడతాను హోజా" అన్నాడు తడబడుతూ. "ఊపిరులు పెడతాను. ప్రతి స్వరం ముందూ మీ ఊపిరి ఉంది, రికార్డయింది, నేనే..."

అక్కడ ఆగిపోయాడు.

"నువ్వే?"

"కోసేశాను."

"పోనీలే, అతికించు."

"లేవు హోజా. చెరిపేశాను. చెత్తబుట్టతో సహా."

"ఎన్ని?"

"నాలుగు వందల పన్నెండు."

హోజా కనుబొమలెగరేశాడు. "ఆరు రోజుల్లో అన్ని తీశానా! డాక్టరుకి చెప్పకు."

నెవిన్ నవ్వలేదు. తైలాన్ తల వంచుకున్నాడు.

"మీ ఆయాసం ఎవరూ వినకూడదనుకున్నాను హోజా. రెండు ముక్కలై, మధ్యలో ఆగి... వినలేకపోయాను. జబ్బు మనిషి ఊపిరిలా ఉంది. మిమ్మల్ని అలా లోకానికి..."

"ఆయాసమా?" హోజా నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఒరేయ్, అది నాకు పద్దెనిమిదేళ్లప్పుడు వచ్చింది. ఆ రోజుల్లో ఈ జలసంధిని అటూ ఇటూ ఈదేవాణ్ణి నేను. నా ఊపిరితిత్తులకేం తక్కువ?"

"మరి?"

"మా హోజాది. ఆయన పగలంతా ఈ రేవు ఆవిరి పడవల్లో పొయ్యికి బొగ్గు వేసేవాడు. గుండెల నిండా బొగ్గుపొడి. ఒక్కసారిగా ఊపిరి తీస్తే దగ్గొస్తుందని కొంచెం తీసి, ఆగి, దగ్గు రావడం లేదని చూసుకుని, అప్పుడు మిగతాది తీసేవాడు. ఎదురుగా కూర్చుని ఏడేళ్లు ఆయనతో తీశాను. ఆయన పోయారు. ఇది ఉండిపోయింది."

కోసి పారేసింది ఒక్కరిది కాదు. మళ్లీ రికార్డు చేద్దామంటే హోజా ఊదకూడదు. ఊదితే ఈసారి దగ్గుతో పోదు. ఆ ఊపిరి ఇక ఎక్కడా లేదు. ముప్పై ఆరేళ్ల తైలాన్, నెవిన్ ఎదురుగా ఉందని కూడా చూడకుండా, కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మెట్లు నొక్కుకుని గదిలో ఏవో నాలుగైదు స్వరాలు ఒక్కసారిగా పలికాయి. నెవిన్ లేచి తీగ పీకేసింది.

హోజా అతన్ని ఊరడించలేదు. కూతురి వైపు తిరిగి, "తాళం చెవి ఇటివ్వమ్మా" అన్నాడు.

"నాన్నా, మాటిచ్చావు."

"ఊదను. ఊదనని కదా మాట."

నెవిన్ ఆయన్ని అనుమానంగా చూసి, తనే బీరువా తీసి నెయ్ తెచ్చింది. ఇవ్వకుండా చేతిలోనే పట్టుకు నిలబడింది. హోజా దాన్ని తైలాన్‌కి ఇవ్వమన్నట్టు సైగ చేశాడు.

"నాకు రాదక్కా" అన్నాడు తైలాన్, ఆమెతోనే. "రెండేళ్లయింది ముట్టుకుని."

"దగ్గరికి జరుగు" అన్నాడు హోజా.

మోకాలికి మోకాలు తగిలింది. తైలాన్ నెయ్‌ని పెదవికి ఆనించుకున్నాడు. వేళ్లు రంధ్రాల మీదికి పోబోతుంటే హోజా వాటిని పక్కకి తోశాడు. "గడ పట్టుకో, చాలు." తన వేళ్లు తీసుకొచ్చి రంధ్రాల మీద పెట్టాడు. ఎదురుగా కూర్చుంటే కుడిఎడమలు తారుమారు కదా, ఓసారి తడబడి, నవ్వుకుని, చేతులు మార్చుకున్నాడు. "ఊ."

తైలాన్ ఊదాడు. గాలి. మళ్లీ ఊదాడు. గాలే. ముఖం ఎర్రబడింది. ఐదు నెలలు ఉఫ్ ఉఫ్‌మన్న కుర్రాడైపోయాడు మళ్లీ. హోజా వేళ్లు తీయలేదు, పెదవి ఇలా పెట్టమనీ చెప్పలేదు. కిటికీ బయట ఒక పడవ రేవుకి ఆనుకుని, జనాన్ని దించి, వెళ్లిపోయింది.

ఎన్నోసారికో పలికింది.

బొంగురుగా, వణుకుతూ పలికింది. హోజా వేలు ఒకటి లేచింది, స్వరం మారింది. ఇంకోటి లేచింది. ఆయన ఎటు తీసుకుపోతున్నాడో తైలాన్‌కి తెలియదు. తన నోట్లోంచి వస్తోంది గానీ దారి తనది కాదు. ముసలి వేళ్లు తొందరపడకుండా నడుస్తున్నాయి. ఒకచోట రెండు మెట్లు కిందికి దిగి, సెగాహ్ మీదికొచ్చి ఆగాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తైలాన్‌కి తెలుసు. సెగాహ్ పలికి పలికి, ఊపిరి అయిపోయి, దానంతటదే నిలిచిపోయింది.

ఆ వేళ్లు మళ్లీ కదలాలి. కదలాలంటే గాలి కావాలి. తైలాన్ గుండెలు ముందే విచ్చుకున్నాయి. కొంచెం లోపలికి పోయింది. ఠక్కున ఆగింది. తర్వాత మిగతాది పోయింది.

చిన్న గుట్ట. ఖాళీ. పెద్ద గుట్ట.

తైలాన్ కళ్లు పెద్దవయ్యాయి. పెదవి మీద నెయ్ అలాగే ఉంది, లోపలికి తీసిన గాలి అలాగే ఉంది. వదలడానికి భయమేసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ నెవిన్ కూడా విన్నట్టుంది, తండ్రి వంక చూసి, తైలాన్ వంక చూసి, తాళం చెవిని పిడికిట్లో బిగించుకుంది.

హోజా రంధ్రాల మీంచి వేళ్లు తీయలేదు.

"దీన్ని కోసెయ్యకు" అన్నాడు. "ఊ, వదులు."